మొగ్గలు తుంచిన ఈస్టరు

భస్మ బుధవారం నాడు లైనులోని వాళ్లంతా ఉపవాసముండి మొహాలు వేలాడేసుకుని కూర్చుంటే, ఎలిశిబా మాత్రం కత్తెర పట్టుకుని గులాబీల మీద పడేది. ఆ అలవాటు మొదలుపెట్టింది ఆమె కాదు, ఆమె భర్త ప్రకాశం. బతుకంతా బడిపిల్లల చేత డ్రిల్లు చేయించిన మనిషి కదా, ఈల వేస్తే చెట్లు కూడా వరసలో నిలబడాలనేవాడు. చలికాలం పూలు అయిపోయి ఎండుకాడలు మిగిలిన కొమ్మలను ఆ బుధవారం నాడు కత్తిరిస్తే, నలభై రోజుల శ్రమల దినాలు గడిచేలోగా చిగురేసి, మొగ్గ తొడిగి, సరిగ్గా ఈస్టరు ఆదివారానికి విచ్చుకుంటాయని ఆయన కనిపెట్టాడు. పండుగ మార్చిలో వచ్చిన ఏడూ, ఏప్రిల్లో వచ్చిన ఏడూ చెట్లు మాట తప్పలేదు. ప్రభువు పండుగ తేదీని గులాబీలను అడిగే పెట్టి ఉంటాడని ప్రకాశం నవ్వేవాడు.

లైను అంటే మెదక్ పెద్ద చర్చికి కాస్త ఎడంగా ఉన్న పన్నెండిళ్ల వరస. ముందు ఒక బావి, చివర రేకుల కప్పుతో ఒక చిన్న ప్రార్థన గుడి, వెనక పొడవునా రాతిగోడ. గోడలో ఒక చిన్న తలుపు. తలుపు అవతల రాళ్లు కొట్టుకుని, మేకలు మేపుకుని బతికేవాళ్ల గుడిసెలు. ఎలిశిబా ఇల్లు గుడి పక్కనే, వరసలో చివరిది. ఆమె పెరట్లో నిలబడి మాట్లాడితే గోడ అవతలికి వినిపించేది. మెల్లగా మాట్లాడే అలవాటు ఆమెకు ఎటూ లేదు.

దవఖానాలో నర్సుగా చేసి రిటైరైన ఎలిశిబాను అందరూ సిస్టరమ్మ అనేవారు. ఆమె సూది కంటే ఆమె మాటకే జనం ఎక్కువ భయపడేవారు. అయినా నొప్పి వస్తే నేరుగా ఆమె గడపలోకే వచ్చి కూర్చునేవారు.

పెరటి గులాబీలన్నింటిలో ఆమెకు ప్రాణం ఒకే చెట్టు. ప్రకాశం ఆ మొక్కను హైదరాబాదులో కొని, రేకు డబ్బాలో పెట్టి, బస్సులో దారి పొడవునా ఒళ్లోనే ఉంచుకుని తెచ్చాడు. తూప్రాన్‌లో బస్సు ఆగితే తాను చాయ తాగకముందే మొక్కకు నీళ్లు పోశాడట. నల్లగా అనిపించేంత ఎర్రటి పువ్వు దానిది. ఆ చెట్టు తొలి పువ్వు ఏటా ఈస్టరు నాడు బలిపీఠం మీద ఇత్తడి పూలకుండీ నడుమ నిలబడేది. తక్కిన చెట్ల పూలు దాని చుట్టూ సర్దుకునేవి. ప్రకాశం పోయాక కూడా ఆమె ఒక్క ఏడూ తప్పనివ్వలేదు. ఆ పువ్వు అక్కడున్నంతసేపూ ఆయన ముందు బెంచీలో కూర్చుని దగ్గుతున్నట్టే ఆమెకు ఉండేది. ఈస్టరంటే ఆమెకు అదే. పాటలు కాదు, కొత్త చీర కాదు.

డెబ్బై రెండులో వానలు మొహం చాటేశాయి. డెబ్బై మూడు భస్మ బుధవారం నాటికే బావి తాడు అందక ఇంకో తాడు ముడేశారు. అయినా ఎలిశిబా కత్తెర ఆపలేదు. ఎండుకాడలు తీసింది. అంటు కట్టిన చోటుకు కింద నుంచి లేచిన అడవి కొమ్మలను మొదలంటా పీకేసింది. ఎండాకాలం ముందర లోతుగా నరికితే కాండం కాలిపోతుందని ప్రకాశం చెప్పేవాడు కాబట్టి పైపైనే కత్తిరించింది. పాదులు గుల్ల చేసి, ఎండిన మేకపెంట వేసి, దాని మీద పల్లీ పొట్టు మందంగా పరిచింది. ఇంక మీ ఇష్టం అన్నట్టు చెట్ల వంక చూసి చేతులు కడుక్కుంది.

ఆ ఆదివారమే కృపాదానం బావి గట్టు ఎక్కి తీర్మానాలు చదివాడు. ఆయన తాసీలు ఆఫీసులో గుమాస్తాగిరీ చేసి దిగినవాడు, లైనుకు పెద్ద. ప్రకాశాన్ని అన్నా అనేవాడు కాబట్టి ఎలిశిబా ఆయనకు వదినె. మనిషి చెడ్డవాడేం కాదు. కాని చేతికి తాళంచెవి ఇస్తే తాళం వేయకుండా ఉండలేని రకం. ఇంటికి నాలుగు బిందెల నీళ్లు. చెట్లకు బావి నీళ్లు బంద్. గోడలోని చిన్న తలుపుకు తాళం. ఇవీ తీర్మానాలు.

మొదటి రెండింటికీ ఎలిశిబా తలూపింది. మనుషులకే లేనప్పుడు చెట్లకెక్కడివి? స్నానం చేసిన నీళ్లు, బియ్యం కడిగిన నీళ్లు, తలంటుకున్న కుంకుడు నీళ్లు ఉన్నాయి. కుంకుడు నీళ్లకు చిగుళ్ల మీది పేను కూడా పోతుంది. మూడోదానికి మాత్రం ఆమె లేచి నిలబడింది.

"చిన్న తలుపుకు తాళమెందుకు మరిది?"

"గోడవతలోళ్లు తోడుకుంటే మనకు సాలవు వదినె."

"ఎండకాలమొస్తే వాళ్లు మన బాయిలనే తోడుకుంటరు. నేను పెండ్లయి వచ్చినప్పటి సంది సూస్తున్న."

"అప్పుడు వానలుండె. ఇది కమిటీ తీర్మానం."

"కమిటీ అంటే ఎవరు? నువ్వు, నీ తాళంచెవి. గంతే గద?"

నలుగురు నవ్వారు. కృపాదానం నవ్వలేదు. సాయంత్రానికి చిన్న తలుపుకు పిడికిలంత తాళం పడింది.

గులాబీ మొగ్గలు శనగగింజంత అయిన రోజుల్లో ఒక సాయంత్రం కృపాదానం చేతులు వెనక్కి కట్టుకుని ఎలిశిబా పెరట్లోకి వచ్చాడు. మొగ్గలు పరీక్షగా చూసి గొంతు సవరించుకున్నాడు.

"వదినె, ఈసారి పండుగకు హైదరాబాద్ సంది పెద్ద ప్రసంగీకులొస్తున్నరు."

"రానీ. కుర్సీ ఎయ్యి."

"కుర్సీ సంగతి కాదు. బలిపీఠం మీద నీ గులాబీలు లేకుంటే లైను ఇజ్జత్ పోతది. గీ చెట్లకు రోజూ రెండు బిందెలు మంజూరు చేస్తున్న, ఈస్టర్ పొద్దుటి దాంక. ఇవి నీ నాలుగు బిందెల లెక్కల రావు. ఇవి దేవుని నీళ్లు."

లైనులో 'దేవునిది' అనే మాట ఊరికే వాడరు. శ్రమల దినాల్లో ప్రతి ఇల్లాలూ ఎసట్లో బియ్యం పోసేముందు పిడికెడు తీసి విడిగా సంచిలో వేసేది. ఈస్టరు నాడు ఆ సంచులన్నీ బలిపీఠం మీద పెట్టి, ఆరాధన అయ్యాక చిన్న తలుపు దగ్గర గోడ అవతలి వాళ్లకు పంచేవారు. బలిపీఠం మీద పెట్టింది ఏదైనా సరే, తిరిగి లైనులోని ఏ ఇంటికీ పోకూడదు. ఒక ఏడు కృపాదానం భార్య దానమ్మ వెండి ఉంగరం వేలి నుంచి జారి సంచిలో పడింది. పెట్టాక గానీ ఆమె చూసుకోలేదు. నియమం నియమమేనని తీర్పు చెప్పింది కృపాదానమే. ఉంగరం గోడ దాటిపోయింది. దానమ్మ ఆ వేలిని ఇప్పటికీ అప్పుడప్పుడు తడుముకునేది.

రెండు బిందెలనగానే ఎలిశిబా గుండె గంతేసింది. అబద్ధమెందుకు? తలుపు తాళం ఆ క్షణంలో ఆమెకు గుర్తే రాలేదు. ఇంట్లో కడిగిన నీళ్లు చాలక ప్రకాశం చెట్టు ఆకుల అంచులు అప్పుడే మాడుతున్నాయి. ఆ చెట్టుకు మూడు మొగ్గలున్నాయి. ఇక ఈ ఏడు కూడా ఆయన ముందు బెంచీలో కూర్చుంటాడని ఆమెకు ఎంత సంబరమైందంటే, కృపాదానాన్ని కూర్చోబెట్టి చాయ పెట్టి ఇచ్చింది.

తెల్లారి రెండు బిందెలు తెచ్చి పాదు దగ్గర దించి, చెంబు ముంచబోతుంటే గోడ మీదికి ఒక తట్ట లేచింది. తట్ట వెనక యాదవ్వ మొహం. గుడిసెల్లో మేకలున్న యాదవ్వ ఏళ్లుగా ఆ గులాబీలకు మేకపెంట అందిస్తోంది. తట్ట ఖాళీ చేసి ఇస్తే నవ్వి పోయేది. ఆ రోజు పోలేదు.

"సిస్టరమ్మా, జర గోలీలుంటే ఇయ్యరాదు? మనుమరాలికి నిన్నటి సంది కడుపు ఆగుతలేదు."

"ఏం నీళ్లు తాపుతున్నరే?"

"ఏడియి నీళ్లు? వాగుల చెలిమ తోడి తెస్తున్నం. పొద్దుగాల్ల పోతే ఎండెక్కినంక ముంతెడు ఊరుతయి. గవి గూడ బురదే."

ఎలిశిబా చెంబు కింద పెట్టింది. దవఖానాలో ఆమె చేతుల్లో పోయిన పసివాళ్లు ఇప్పటికీ ఆమెకు పేరుపేరునా గుర్తున్నారు. చాలామందికి మొదలు అలాంటి ముంతెడు నీళ్లే. ముందు కృపాదానం మీద ఒళ్లు మండింది, తర్వాత తన మీద, ఆ తర్వాత నిన్న పెట్టిన చాయ మీద కూడా. ఆమె బిందె ఎత్తి గోడ మీద పెట్టింది.

"పట్టు."

"అయ్యో, చెట్లకు గద సిస్టరమ్మా!"

"చెట్లకు కడుపు నొస్తలేదు. పట్టు. కాగబెట్టి సల్లార్చి, జరంత ఉప్పు, చక్కెర ఏసి మాటిమాటికి తాపు. గోలీ ఇప్పుడే తెచ్చిస్త."

రెండో బిందె కూడా గోడెక్కింది. చాటుమాటుగా కాదు, బావి దగ్గర వరసలో ఉన్న ఆడవాళ్లంతా చూస్తుండగానే. వాళ్లలో దానమ్మ కూడా ఉంది. వరసలో ఆ మాట బిందె కంటే ముందే ఇల్లు చేరింది. ఎండ నెత్తికెక్కకముందే కృపాదానం వచ్చాడు.

"వదినె, దేవుని నీళ్లు గోడ దాటిచ్చినవంట!"

"దాటిచ్చిన. రేపు గూడ దాటిస్త."

"అవి బలిపీఠానివి! పంచనీకి నీ సొత్తా?"

"పసిపిల్ల సావుకొచ్చింది మరిది. బలిపీఠానికి నీళ్ల దూపైతదా?"

"నువ్వు మాటలు బాగ నేర్సినవ్. పువ్వుల సంగతేంది?"

"రావు."

"రావంటే?"

"సూడు మల్ల."

ఆమె మొదటి చెట్టు దగ్గరికి పోయి, బొటనవేలు గోటితో మొగ్గను తుంచి పాదులో పడేసింది. తర్వాత ఇంకొకటి. చెట్టు తనకున్న సత్తువంతా పువ్వు మీదే పెడుతుంది. నీళ్లున్నప్పుడు అది ముచ్చట. నీళ్లు లేనప్పుడు ఆ పువ్వే చెట్టును తాగేస్తుంది. మొగ్గ తీసేస్తే చెట్టు ఊపిరి బిగబట్టి, కడిగిన నీళ్లతో వానల దాకా బతుకుతుంది. కృపాదానం నోరు తెరుచుకుని చూస్తుండగా తెల్ల గులాబీ, పసుపు గులాబీ, నాటు గులాబీ అన్నీ అయిపోయాయి. ప్రకాశం చెట్టు వంతు వచ్చింది. రెండు మొగ్గలు తీసింది. మూడోది లోపలి కొమ్మకు ఉంది. దాని మీదికి వేళ్లు పోయి ఆగిపోయాయి. ఎంత అనుకున్నా ఆమెకు చేయి రాలేదు. ఇదొక్కటి ఉండనీ అనుకుంది.

కృపాదానం అది చూశాడు. ఆయన మొహం కొంచెం తేటపడింది.

"గదొక్కటి సాలు వదినె. నడుమ పువ్వు అదే గద" అని వెళ్లిపోయాడు.

ఆ ఒక్క మొగ్గ కోసమే ఆయన రెండు బిందెలు ఆపలేదు. అవి గోడ దాటుతున్నాయని ఆయనకు తెలుసు. ఆపితే మొగ్గ పోతుంది, మొగ్గ పోతే హైదరాబాదు ప్రసంగీకుల ముందు తన మొహం పోతుంది. ఒక చెంబైనా ఆ చెట్టుకు పోయకపోతుందా అని సర్దుకున్నాడు. యాదవ్వ మనుమరాలు నాలుగు రోజులకు లేచి కూర్చుంది, వారానికి మేకల వెంట పరుగెత్తింది. ఆ రెండు బిందెల్నే గుడిసెల్లోని పసివాళ్లందరికీ ముంతల్లో పంచుతున్నామని యాదవ్వ గోడ మీద నుంచి చెప్పింది.

మొగ్గల్లేని చెట్లు ఆకులు ముడుచుకుని మొండిగా నిలబడ్డాయి. సాయంత్రాలు దానమ్మ బియ్యం కడిగిన నీళ్లు కొంగు కింద దాచుకుని తెచ్చి పాదుల్లో పోసేది.

"మా ఆయనకు చెప్పకక్కా."

"ఆయనకు చెప్పనీకి నాకేం పని లేదు చెల్లె. కానీ కడిగిన నీళ్లకు గూడ గింత భయమేందే?"

దానమ్మ గిన్నె దులిపి వెళ్లేది. మరుసటి రోజు మళ్లీ వచ్చేది.

ప్రకాశం చెట్టు మాత్రం దిగజారుతూ వచ్చింది. మొదట్లో మధ్యాహ్నం వాలిన ఆకులు సాయంత్రానికి లేచేవి. పండుగకు వారం ముందు మట్టల ఆదివారం నాటికి సాయంత్రం కూడా లేవడం మానేశాయి. అదే సమయానికి మొగ్గ మాత్రం లావెక్కి, పచ్చటి పొర చిట్లి, ఎర్రటి గీత కనిపించింది. ఏం జరుగుతోందో ఎలిశిబాకు తెలుసు. తనకు తాగడానికి ఉంచుకున్న నీళ్లలోంచి ఒక చెంబు పోసి చూసింది. ఆ చెంబు కూడా మొగ్గే తాగింది. వేరేవాళ్ల చెట్టైతే ఈపాటికి ఎప్పుడో తుంచేసేది. ఎంత నర్సైనా ఆ చెట్టు దగ్గర ఆమె పెళ్లామే.

శుభ శుక్రవారం ఆరాధనలో సిలువ మీది ఏడు మాటలను లైను పెద్దలు ఏడుగురు తలా ఒకటి వివరిస్తారు. ఈసారి 'దప్పిగొనుచున్నాను' అనే దాహం మాట కృపాదానం వంతుకు వచ్చింది. అది నీళ్ల దాహం కాదని, ఆత్మల దాహమని ఆయన చాలాసేపు చెప్పాడు. చెబుతూ చెబుతూ రెండుసార్లు ఆగి గ్లాసెడు నీళ్లు తాగాడు. బెంచీలో ఎలిశిబా పళ్లు బిగబట్టుకుని కూర్చుంది. తన చెట్టు మీది ఆ ఒక్క మొగ్గ ఈ మనిషి చేతిలో ఇంకో తాళంచెవి అయిందని ఆమెకు అప్పుడు అర్థమైంది. అది ఉన్నన్నాళ్లు ఈయన దయ మీద తానూ, తన దయ మీద యాదవ్వా.

శనివారం కృపాదానం ఇత్తడి పూలకుండీని చింతపండుతో తళతళా తోమించి తానే పట్టుకొచ్చాడు. మొగ్గ కొస విప్పారింది. వాసన కూడా సన్నగా మొదలైంది.

"ఆహా! రేపు పొద్దుగాల్లకు విచ్చుకుంటది వదినె. ప్రకాశమన్న చెట్టంటే చెట్టే!"

"మరిది, ఒక్క మాటడుగుత. పండుగైనంక చిన్న తలుపు తీస్తవా?"

"వానలు పడనీ. అప్పుడు సూద్దాం."

"వానలు పడ్డంక నీ తలుపెవనికి కావాలె?"

ఆయన పువ్వు వంకే చూస్తున్నాడు. ఎలిశిబా చెట్టు దగ్గర వంగింది. వాడిన ఆకులను చేత్తో పక్కకు తీసింది.

"అయ్యా, ఈసారి గుడికి రాకు. ఇంట్లనే ఉండు" అని మెల్లగా ప్రకాశంతో చెప్పి, ఆ మొగ్గను తుంచింది. తక్కినవాటి లాగే పల్లీ పొట్టు మీద పడేసింది. కళ్లలోంచి నీళ్లు బొటబొటా కారాయి. కృపాదానం చూస్తున్నా తుడుచుకోలేదు. చూడనీ.

"వదినె! ఎంత పని జేసినవ్! నీకేమన్న పిచ్చి లేసిందా?"

"ఇంక నీ చేతిల నాది ఏం లేదు మరిది. పో."

"రేపటి సంది ఆ రెండు బిందెలు బంద్! యాదిపెట్టుకో!"

"ఈస్టర్ పొద్దుటి దాంక అని నీ నోటితోటి అన్నవ్. రేపటియి ఇయ్యాలె. దేవుని నీళ్లు గద, ఎగ్గొడ్తవా?"

"తీస్కో! ఏం జేస్కుంటవో జేస్కో!" అని ఖాళీ కుండీ చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఈస్టరు ఆదివారం గుడి నిండిపోయింది. ప్రసంగీకులు కుర్చీలో కూర్చున్నారు. బలిపీఠం మీద ఇత్తడి కుండీలో కాగితం పువ్వులు పెట్టారు, ఎరుపూ పసుపూ. ఎలిశిబా తెల్లచీర కట్టుకుని వచ్చి, ముందు బెంచీ వైపు చూడకుండా తన చోట కూర్చుంది. ఆ బెంచీ ఖాళీగానే ఉంది, అంతకు ముందు ఏ ఈస్టరుకూ లేనంత ఖాళీగా. అయినా పాట గట్టిగానే పాడింది.

కానుకల వేళకు ఆడవాళ్లు ఒక్కొక్కరే వెళ్లి బియ్యం సంచులు బలిపీఠం మీద పెట్టి వచ్చారు. ఎలిశిబా అందరి తర్వాత లేచింది. తన సంచి పెట్టింది. గుమ్మం బయటికి వెళ్లి, నిండు బిందె చంకనెత్తుకుని తిరిగొచ్చి, కాగితం పువ్వులను ఒక పక్కకు జరిపి, బిందెను నడుమ దించింది. మళ్లీ వెళ్లి రెండోది తెచ్చింది. గుడిలో ఒక్క దగ్గు కూడా వినిపించలేదు.

గుడిలో ఆరాధన నడిపించే యాకోబు ఉపదేశి గారు కృపాదానం తల తిప్పిన వైపే తల తిప్పే మనిషి. ఆయన ముందు కృపాదానాన్ని చూసి, తర్వాత ఆమెను అడిగాడు.

"ఇదేందమ్మా సిస్టరమ్మా?"

"బలిపీఠం నీళ్లు బలిపీఠానికే తెచ్చిన ఉపదేశిగారూ. ఇవి దేవునియని మా మరిదే చెప్పిండు. అడుగుండ్రి."

కృపాదానం సగం లేచాడు. ఆయన నోరు తెరిచేలోపు ప్రసంగీకులు ముందుకు వంగి, చేతులు జోడించారు.

"ఇంత కరువులో నీళ్లు అర్పించారంటే చాలా గొప్ప కానుకండీ ఇది. మీ సంఘాన్ని చూసి మేము నేర్చుకోవాలి."

కృపాదానం మళ్లీ కూర్చోవలసి వచ్చింది. అప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి దానమ్మ లేచింది. మొగుడి వంక చూడలేదు. గుడి దాటి, తన ఇంట్లోకి పోయి, తాగే నీళ్ల బిందె ఎత్తుకొచ్చి ఎలిశిబా బిందెల పక్కన పెట్టింది. ఆమె వెనక ఇంకో ఇద్దరు చెంబులు తెచ్చారు. మిగతావాళ్లు కదల్లేదు, కొందరు మొహాలు తిప్పుకున్నారు. ఆ మూడు బిందెలూ రెండు చెంబులే చాలనుకుంది ఎలిశిబా.

ఆరాధన అయ్యాక, ఏటా జరిగినట్టే సంచులు, వాటితోపాటు నీళ్ల బిందెలూ చిన్న తలుపు దగ్గరికి మోశారు. అవతల గుడిసెల వాళ్లు అప్పటికే నిలబడి ఉన్నారు. ఏటా పంచేది ఆ తలుపు దగ్గరే కాబట్టి కృపాదానం తాళం తీయక తప్పలేదు. తీసిన తాళాన్ని గొళ్లేనికి తగిలించి, చెవి మాత్రం జేబులో వేసుకున్నాడు. పంపకం అయిపోగానే మళ్లీ వేసేద్దామని ఆయన ఆలోచన. మొదటి సంచి యాదవ్వ ఒడిలో పడుతుండగా ఎలిశిబా ఆ తాళాన్ని గొళ్లెం నుంచి తీసి, కొంగులో చుట్టుకుని, గుడిలోకి నడిచింది. ఒట్టి చేతులతో బయటికొచ్చింది.

"వదినె, తాళం ఇటియ్యి."

"నా తాన లేదు. బలిపీఠం మీద పెట్టిన."

కృపాదానం మొహంలో రంగు మారింది. "పరాచికాలా? పోయి తీసుకరా!"

"నియమం నియమమే గద మరిది."

"అది ఇనుప తాళం, కానుక కాదు!"

"నా ఉంగరం గూడ కానుక కాదు" అంది దానమ్మ. గొంతు పెద్దగా లేదు, కానీ లైనంతా విన్నది. "యాదికున్నదా?" అని తన ఖాళీ వేలు చూపించింది.

కృపాదానం యాకోబు వైపు చూశాడు. ఎన్నేళ్లుగానో తన వైపే తిరిగే ఆ తల ఈసారి నేల వైపు తిరిగింది. ఉపదేశి గారు గుడిలోకి వెళ్లి, తాళాన్ని రెండు చేతులా పట్టుకుని తెచ్చారు, ఉంగరాన్ని ఆనాడు ఎట్లా తెచ్చారో అట్లాగే. తెచ్చి యాదవ్వ చేతిలో పెట్టారు. యాదవ్వ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"గిది నాకెందుకయ్యా? మా గుడిసెకు తలుపే లేకపాయె."

"ఉంచుకో యాదవ్వా" అంది ఎలిశిబా. "ఎల్లిపాయలు దంచనీకి పనికొస్తది."

గోడకు రెండు వైపులా నవ్వులు లేచాయి. కృపాదానం చెవి ఉన్న జేబును గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు.

"రేపు బాయి ఎండితే? అప్పుడేం జేస్తవ్ వదినె? చెప్పు!"

"ఎండితే అందరం కలిసి వాగుల చెలిమకు పోదాం. నువ్వు గూడ ముంత పట్టుకుని రా."

మధ్యాహ్నం యాదవ్వ నీళ్లు వంచుకుని, "ఇప్పుడు నావి గద, నేనే ఇస్తున్న" అంటూ బిందెలు గోడ మీద నుంచి అందించింది. అడుగున మిగిలిన నీళ్లను ఎలిశిబా చెంబులోకి వంచి, ప్రకాశం చెట్టు మొదట్లో పల్లీ పొట్టు పక్కకు తీసి మెల్లగా పోసింది. నిన్న తుంచిన మొగ్గ అక్కడే నల్లబడి ఉంది. దాన్ని కూడా మట్టిలో కలిపింది. ఆకులు ఇంకా వాలే ఉన్నాయి, కాని కొమ్మ మీద గోటితో గీరి చూస్తే లోపల పచ్చగానే ఉంది. బావి వైపు నుంచి గిలక ఆగకుండా కిర్రుమంటోంది. గోడవతలి గొంతులు, లైను గొంతులు కలిసి ఒకటే గోల.

ఎలిశిబా చెట్టు ముందు గొంతుక్కూర్చుంది.

"ఇను, నీకే చెప్తున్న" అంది. "వానలు పడేదాంక పూస్తే ఊకోను. మళ్ల తుంచుత."